డిక్కీలో ఉందన్న సంచి

మా అత్తగారికి కోపం వస్తే మాట్లాడరు, తినరు. ఆవిడ దగ్గరున్న ఆయుధాలు ఈ రెండే. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆ రెండూ నా మీద ఎన్నిసార్లు ప్రయోగించారో గుర్తులేదు గానీ, తట్టుకునే పద్ధతి మాత్రం నాకు బాగా అబ్బింది. పట్టించుకోకూడదు, అంతే. ఒక పూట గడిచాక ఆవిడే వంటింట్లోకి వచ్చి "చారులో ఇంగువ వేశావా?" అంటారు. దాంతో సంధి కుదిరినట్టే. ఆ సోమవారం పొద్దున శంషాబాద్ విమానాశ్రయంలో కూడా నేను ఆ పద్ధతే పాటించాను.

వైజాగ్‌లో మా మరిది కొనుక్కున్న కొత్త ఫ్లాటుకి బుధవారం గృహప్రవేశం. ఏర్పాట్లు చూడ్డానికి మా ఆయన శుక్రవారమే వెళ్ళారు. నేను, అత్తగారు సోమవారం ఉదయం పదీ నలభై విమానానికి వెళ్ళాలి. టికెట్లు తీసింది నేను. తీసేముందు పంచాంగం చూడాలని నాకు తట్టలేదు. సోమవారం తూర్పు దిక్కుకి వారశూల, ప్రయాణం పనికిరాదు. మదీనాగూడలో ఉన్న మాకు వైజాగ్ తూర్పే కదా. సంగతి తెలిసిన రోజు ఆవిడ రాత్రి మజ్జిగ కూడా ముట్టలేదు.

విరుగుడు మళ్ళీ ఆవిడే చెప్పారు. పరస్థానం పెడదాం అన్నారు. మంచి రోజు, మంచి వేళ చూసి మన సామానొకటి వేరేవాళ్ళింట్లో పెట్టేస్తే ప్రయాణం అప్పుడే మొదలైపోయినట్టు లెక్క. ఆ తర్వాత ఎప్పుడు బయల్దేరినా దోషం అంటదు. కాకపోతే ఆ సామాను మళ్ళీ మన గడప లోపలికి రాకూడదు. వెళ్ళేటప్పుడు అక్కణ్ణించే అందుకుని వెళ్ళిపోవాలి. మా అమ్మ పేరుకి ఓ రవికెల గుడ్డ పెట్టి ఊరుకునేది. మా అత్తగారు అలాంటి మనిషి కాదు. "ఉత్త గుడ్డ పెడితే దేవుడి కళ్ళు కప్పినట్టు అవుతుంది. మనకి నిజంగా కావలసినవే పెట్టాలి" అని ఒక ఎర్రగళ్ళ సంచి తీసి, అందులో కట్టుడు చీర, కళ్ళజోడు, మందుల డబ్బా, షుగర్ చూసుకునే మెషీను, గ్లూకోజ్ బిస్కెట్లు, చివరికి ఇన్సులిన్ పెన్ను కూడా పెట్టేశారు.

"ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉండాలండీ" అన్నాను.

"ఎదురింట్లో ఫ్రిజ్ లేదా?" అన్నారు.

ఎదురు ఫ్లాటు అక్క ఇక్కడి మనిషే. ఈ టవర్లన్నీ లేవకముందు నుంచీ వాళ్ళది శేరిలింగంపల్లే. ఆదివారం సాయంత్రం సంచి అందుకుంటూ నవ్వింది. "మా దిక్కు గిట్ల చెయ్యం పెద్దమ్మా. అయినా నా తాన పెట్టినవంటే నీకేం ఫికర్ లేదు తియ్యి" అని, పెన్ను మాత్రం తీసి తన ఫ్రిజ్ తలుపులో పెట్టింది. సంచి సోఫా పక్కన సర్దింది.

ఇంట్లో ఉంటే అత్తగారికి ఇంజెక్షన్ ఇచ్చేది మా ఆయన. ప్రయాణానికి ముందురోజు ఫోన్లో నాకు ఒకటికి రెండుసార్లు చెప్పారు. "ఎయిర్‌పోర్టులో టిఫిన్ ప్లేటు ముందుకొచ్చాకే ఇవ్వు. ముందు ఇవ్వొద్దు" అని. నేను అదే మాట అత్తగారితో చెప్పాను. నలుగురిలో కూర్చుని చీర తప్పించి పొట్టలో సూది పొడుచుకోవడం ఆవిడకి ఎంత సిగ్గో, ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నదాన్ని నాకు తెలియాలి. అప్పుడు నాకు ఆ ఊహే రాలేదు.

అందుకని అప్పుడు నాకు తెలియనిది ముందే చెప్పేస్తున్నాను. సోమవారం ఆరూ ముప్పావుకి అత్తగారు "ఎదురింటావిడకి ఓ మాట చెప్పొస్తాను" అని వెళ్ళారు. అక్కడ పెన్ను తీసుకుని, ఆ ఇంటి పడగ్గదిలో తలుపు వేసుకుని, తనే సూది వేసుకున్నారు. ఏడు గంటలకి కారు, ఎనిమిదికి విమానాశ్రయం, వెళ్ళగానే టిఫిన్ అని నేను చెప్పిన లెక్క ప్రకారమే చేశారు. పెన్ను తిరిగి సంచిలో పెట్టి, చేతులూపుకుంటూ మా ఇంటికి వచ్చి దేవుడి గదిలో దీపం పెట్టుకున్నారు. ఎదురింటి అక్క ఆ సంచి తెచ్చి, మేం వెళ్తూ తీసుకుంటామని తన చెప్పుల స్టాండు మీద పెట్టి, మేడ మీద బట్టలు ఆరేయడానికి వెళ్ళింది.

సెలవు పెట్టినా ఆఫీసు నన్ను వదల్లేదు. ఆ పొద్దున మా టీముది సాఫ్ట్‌వేర్ రిలీజు. ఏదో తిరగబడింది. ఏడింటికి మొదలవ్వాల్సిన మీటింగ్ ఆరున్నరకే మొదలైంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ఒక చేతిలో సూట్‌కేసు, ఇంకో చేతిలో తాళాలు. కారు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. అత్తగారు ముందు నడిచారు. శకునం చూసుకుని బయల్దేరినావిడ వెనక్కి తిరిగి చూడరు కదా. "సంచి నువ్వు అందుకో" అని నాతో అని లిఫ్టెక్కారు. నేను తలుపు తాళం వేశాను, చెప్పుల స్టాండు పక్కనుంచే నడిచాను, ఆ ఎర్ర గళ్ళు నా కంటికి కనపడే ఉంటాయి. ఆ క్షణాన చెవిలో ఒకాయన నన్నే ఏదో అడుగుతున్నాడు.

హఫీజ్‌పేట బ్రిడ్జి దిగేసరికే వాన. కొత్తగూడ దగ్గర కార్లన్నీ కదలకుండా నిలబడిపోయాయి. నేను ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని మాట్లాడుతున్నాను. పక్కన అత్తగారు ఏదో అన్నారు. నేను చెయ్యి చూపించాను, ఆగమని. గచ్చిబౌలి దాటాక మళ్ళీ అన్నారు. డ్రైవరు అద్దంలోంచి చూసి, "మేడం, పెద్దమ్మ మీతోనే మాట్లాడుతున్నది జర చూడుండ్రి" అన్నాడు.

ఒక చెవిలోది తీసి ఆవిడ వైపు తిరిగాను. ఆవిడ మాట సగం విన్నాను. సంచి అన్న ముక్క చెవిన పడింది. "ఊఁ, డిక్కీలో ఉందండీ" అన్నాను. అబద్ధం ఆడాలని ఆడింది కాదు. సామాను అంటే డిక్కీలోనే ఉంటుంది కదా, ఆ ధీమా. అదే సమయంలో మీటింగ్‌లో ఎవరో "ఎవరిదో మైకు తెరిచి ఉంది, దయచేసి మూసుకోండి" అన్నారు. ఎవరా తెలివితక్కువవాళ్ళు అని నాలో నేను నవ్వుకున్నాను కూడా.

విమానాశ్రయం చేరేసరికి ఎనిమిదీ నలభై. డిక్కీ తెరిస్తే రెండు సూట్‌కేసులు మాత్రమే ఉన్నాయి.

అత్తగారు ఖాళీగా ఉన్న ఆ మూలకేసి చూశారు. తర్వాత నాకేసి చూశారు. నాకు లోపల దడ పుట్టింది, అది కాస్తా వెంటనే కోపమైంది. తప్పు చేసినప్పుడు నాకు అవతలివాళ్ళ మీదే కోపం వస్తుంది. "ఇదుగో, ఈ పరస్థానాలు పెట్టబట్టే ఇదంతా. చక్కగా చేతిసంచిలో పెట్టుకుని ఉంటే పోయేది కాదు కదా?" అన్నాను. ఆవిడ పెదవులు బిగించుకున్నారు. సరే, మొదలైందనుకున్నాను. ఇక వైజాగ్ దాకా మౌనమే.

గేటు దగ్గర వరస, సామాను ఇచ్చేచోట వరస, తనిఖీ దగ్గర అంతకన్నా పెద్ద వరస. సోమవారం పొద్దున బెంగళూరు, పుణె వెళ్ళే మా బోటి వాళ్ళందరూ మెడలో ఆఫీసు కార్డుల తాళ్ళు వేసుకుని అక్కడే ఉన్నారు. అత్తగారి గాజులకి మెషీను రెండుసార్లు కూసింది. లోపలికి వచ్చేసరికి తొమ్మిదీ ఇరవై. అంటే సూది వేసుకుని రెండున్నర గంటలు దాటింది. ఆవిడ కడుపులో పొద్దుటి కాఫీ తప్ప ఏమీ లేదు. ఈ సంగతి ఆ భవనంలో ఆవిడొక్కరికే తెలుసు.

నా బుర్రలో నడుస్తున్న లెక్క పూర్తిగా తలకిందులు. సంచి మదీనాగూడలో ఉండిపోయింది, పెన్ను ఆ సంచిలో ఉంది, కాబట్టి ఆవిడకి ఇంజెక్షన్ పడలేదు. కాబట్టి షుగర్ పైకి పోతూ ఉంటుంది. నా భయమంతా అది పెరుగుతుందనే.

టిఫిన్ల దగ్గర బిల్లు కట్టి, టోకెన్ నంబరు తెర మీద ఎప్పుడు వస్తుందా అని మెడ చాచి చూస్తూ నిలబడ్డాను. చెవిలో మీటింగ్ ఇంకా నడుస్తూనే ఉంది. పదిహేను నిమిషాలకి ఒక ప్లేటు ఇడ్లీ, రెండు కాఫీలు చేతికొచ్చాయి. ఒకటి పంచదార లేకుండా. మా ఇంట్లో పంచదార డబ్బా పై అరలో, ఆవిడ చెయ్యి అందని చోట ఉంటుంది. అలా పెట్టింది నేనే. ఆవిడ ఎక్కడ నోరు కట్టుకోలేకపోతారోనని ఎనిమిదేళ్ళుగా కాపలా కాస్తున్నాను.

బల్ల దగ్గరికి వచ్చేసరికి ఆవిడ పైటకొంగుతో మెడ తుడుచుకుంటున్నారు. ఏసీ నాకు చలి పుట్టిస్తోంది. ఆవిడ నుదుటి మీద బొట్టు కారి ముక్కు మీదికి వచ్చింది. "నడిచొచ్చారుగా, కాసేపు కూర్చోండి" అన్నాను. కాఫీ కప్పు ముందు పెట్టాను. ఒక గుక్క తాగి, చేదుగా మొహం పెట్టి పక్కకి తోశారు. కాఫీ బల్ల మీద ఒలికింది.

"అంత కోపమైతే ఎలాగండీ" అన్నాను, గొంతు తగ్గించి. పక్క బల్లవాళ్ళు చూస్తున్నారు.

"ఈ రైలు ఎప్పుడు కదులుతుందే?" అన్నారు.

ఆలస్యమైందని నన్ను దెప్పుతున్నారనుకున్నాను. దెప్పడంలో ఆవిడ అందెవేసిన చెయ్యి మరి. ఒళ్ళు మండింది. మొహం తిప్పుకుని ఇడ్లీ తుంచాను.

అప్పుడు ఆవిడ చెయ్యి ప్లేటు వైపు వచ్చింది. వేళ్ళు వణుకుతున్నాయి. నేను ప్లేటు నా వైపుకి జరుపుకున్నాను.

"వద్దండీ. ఇంజెక్షన్ లేదుగా. వైజాగ్‌లో దిగాక మందు కొని, అప్పుడు తిందురుగాని. ఒక్క రెండు గంటలు ఓపిక పట్టండి" అన్నాను. చాలా బాధ్యతగా అన్నాననే అనుకున్నాను. ఆవిడ చెయ్యి బల్ల మీద అలాగే ఉండిపోయింది. నేను ఆ ఇడ్లీలు తిన్నాను. విమానం వేళవుతోందని గబగబా నాలుగూ తిన్నాను. ఈ వాక్యం రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది.

చివరి ముక్క నోట్లో ఉండగా ఫోన్ మోగింది. ఎదురింటి అక్క. మీటింగ్ పక్కన పెట్టి ఎత్తాను.

"చెల్లె, సంచి మా చెప్పుల స్టాండు మీదనే ఉన్నది. ఏంది, మరిచిపోయిన్రా? నేను బట్టలు ఆరేసి, పాలకు పోయొచ్చి ఇప్పుడే చూస్తున్న."

"మర్చిపోయానక్కా. అత్తయ్యగారికి పొద్దున్న ఇంజెక్షన్ కూడా పడలేదు, అదే భయంగా ఉంది."

"పడకపోవుడేంది? పొద్దుగాల మా ఇంట్లనే ఏసుకున్నది గద. ఏడు గూడ కాలే అప్పటికి. తిన్నదా మరి ఏమన్న?"

నేను అత్తగారి వైపు చూశాను. కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్ను చూడ్డంలేదు. మొహం తెల్లగా, తడిగా ఉంది. "అత్తయ్యగారూ" అన్నాను. "అత్తయ్యగారూ!" అని అరిచాను. తల కొంచెం కదిలింది గానీ నా వైపుకి రాలేదు. ఇరవై రెండేళ్ళలో ఆవిడ మౌనం నాకు పూర్తిగా తెలుసనుకున్నాను. ఇది ఆ మౌనం కాదు.

కాఫీ కౌంటరు ఇరవై అడుగుల దూరంలో ఉంది. ఎలా వెళ్ళానో తెలియదు. వరసలో ముందున్నాయన్ని భుజంతో నెట్టేశాను. "మేడం, లైన్లో రండి, మేమేమన్నా పిచ్చోళ్ళమా?" అని ఆయన గట్టిగా అన్నాడు. "పంచదార" అన్నాను కౌంటరు దగ్గరున్న అమ్మాయితో. ఆ ఒక్క మాటే వచ్చింది నోట్లోంచి. ఆ అమ్మాయి నా మొహం చూసి, నా వెనక బల్ల దగ్గర ఒరిగిపోతున్న అత్తగార్ని చూసి, ఇంకేం అడగలేదు. గుప్పెడు పంచదార పొట్లాలు నా చేతిలో పోసి, వెనక్కి తిరిగి "డాక్టర్‌కి ఫోన్ కొట్టుండ్రి జల్దీ" అని అరిచింది.

పొట్లాలు పళ్ళతో చింపాను. సగం నేల మీద పడింది. ఎడం చేత్తో ఆవిడ గడ్డం పట్టుకుని, దవడకీ చిగుళ్ళకీ మధ్య పంచదార పోసి వేలితో రుద్దాను. మింగండి, మింగండి అంటున్నాను. ఏడుస్తున్నాను. ఎవరో వీడియో తీయబోతే, నేను నెట్టేసిన ఆయనే వచ్చి ఆ ఫోన్ కిందికి దించాడు. నాలుగో పొట్లానికి ఆవిడ నాలుక కదిలింది. ఆరో పొట్లానికి గొంతు కదిలింది. అప్పుడు కౌంటరు అమ్మాయి మామిడిపండు రసం తెచ్చి ఇచ్చింది, చెంచాతో పట్టించాం. మా విమానానికి ఆఖరి పిలుపు పైన వినిపిస్తోంది. ఇయర్‌ఫోన్లు ఎక్కడ పడిపోయాయో ఇప్పటికీ తెలియదు.

డాక్టరు వచ్చి వేలి మీద పొడిచి చూస్తే నలభై ఎనిమిది. "ఇంత పంచదార వెళ్ళాక ఇది. వెళ్ళకముందు ఎంతుందో మనం అనుకోవద్దు" అందావిడ. చక్రాల కుర్చీలో పక్కగదికి తీసుకెళ్ళారు. పావుగంట తర్వాత, నేను ఏడుస్తూ ఆవిడ నోరు తుడుస్తుంటే, అత్తగారు కళ్ళు తిప్పి, నన్ను చూసి, నా చేతికి అంటుకున్న పంచదార చూసి, "ఒళ్ళంతా జిగటగా ఉందేంటే?" అన్నారు. నేను బయటికి వెళ్ళి గోడ పట్టుకుని నిలబడ్డాను.

విమానం వాళ్ళు సాయంత్రం ఇంకో దాంట్లో పంపిస్తామన్నారు. డాక్టరు మళ్ళీ చూసి సరేనన్నాక మర్నాడు వెళ్ళాం. అప్పటికి నా భయం తీరింది. తీరిన భయం మళ్ళీ కోపంగానే మారింది. మరిది ఇంట్లో చుట్టాలందరూ మా చుట్టూ చేరి ఏమైందేమైందని అడిగితే, పూసగుచ్చినట్టు చెప్పాను. "సూది వేసుకున్నానని ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట నాతో అనలేదండీ ఈవిడ. నేనేమన్నా కలగంటానా? నా మీద అలిగి ప్రాణం మీదికి తెచ్చుకున్నారు" అన్నాను. మా ఆయన "ఏమ్మా, చెప్పొద్దా?" అని తల్లిని కసిరారు. ఆడపడుచు తలపట్టుకుంది. అత్తగారు పీట మీద కూర్చుని గుమ్మానికి కట్టే మామిడాకులు సరిచేస్తున్నారు. తల వంచుకునే "పొరపాటైపోయిందిలే" అన్నారు. అంతే.

ఆ సాయంత్రం ఆఫీసు నుంచి కబురు. సోమవారం మీటింగ్ మధ్యలో వెళ్ళిపోయాను కాబట్టి, రికార్డింగ్ చూసి నా వంతు పనులు రాసి పంపమని. బాల్కనీలో కూర్చుని వింటున్నాను. గంటా పావు దగ్గర వాన చప్పుడు మొదలైంది. కార్ల హారన్లు. మైకు తెరిచి ఉన్న ఆ తెలివితక్కువ మనిషిని నేనే. తర్వాత డ్రైవరు గొంతు. ఆ తర్వాత, పన్నెండు మంది అధికారుల మాటల మీదుగా, స్పష్టంగా మా అత్తగారు.

"అమ్మాయ్, అక్కడ నలుగురిలో ఎందుకని ఎదురింట్లోనే సూది వేసేసుకున్నాను. దిగగానే ఏదో ఒకటి పెట్టు, మర్చిపోకు. కళ్ళు తిరుగుతాయి నాకు. బిస్కెట్లు ఆ సంచిలోనే ఉన్నాయి. తెచ్చావుగా?"

"ఊఁ, డిక్కీలో ఉందండీ."

అది నా గొంతే. నిమ్మళంగా, ఎంతో నమ్మకంగా ఉంది. రెండోసారి వినలేకపోయాను.

హాల్లోకి వెళ్ళాను. అందరూ అక్కడే ఉన్నారు. ఫోన్ బల్ల మీద పెట్టి ఆ ముక్క వినిపించాను. మా ఆయన నా వైపు చూడలేదు. నేను ఆవిడ పీట పక్కన కింద కూర్చున్నాను.

"చెప్పారు కదండీ మీరు. పొద్దున నేను అందరి ముందూ అన్నేసి మాటలంటుంటే, చెప్పానే అని ఒక్కసారి అనలేకపోయారా?"

ఆవిడ మామిడాకు తొడిమ గిల్లారు.

"అక్కడ నాకు తెలివొచ్చేసరికి నువ్వు ఏడుస్తూ నా నోరు తుడుస్తున్నావే" అన్నారు. "అలా ఏడుస్తున్నదాన్ని పట్టుకుని, తప్పు నీదేనని ఎలా అంటాను?"